రబ్బరు ముద్రల పిచ్చి ఇంట్లో నాకొక్కదానికే ఉంది, మిగతావాళ్లను ఎట్లా కలుపుకోవాలి?

అనంతపురం_అమ్మి:

మూడేళ్లుగా నాకు ఈ పిచ్చి. ఆఫీసు సీళ్లు కాదు, పూలు, లతలు, పిట్టల బొమ్మలుండే రబ్బరు ముద్రలు. ఇంకు అద్ది దళసరి కాగితం మీద వేసి, కలర్ పెన్సిళ్లతో రంగులు నింపి, మడిచి గ్రీటింగు కార్డులు చేస్తా. తమ్ముడి పెళ్లిరోజుకు, కాలేజీ స్నేహితురాళ్ల పుట్టినరోజులకు పోస్టులో పంపుతా, వాళ్లు ఫోన్ చేసి మురిసిపోతారు. ఇంట్లో మాత్రం ఒక్కరికీ పట్టదు.

మా ఆయన బ్యాంకులో పని చేస్తాడు. "పొద్దస్తమానం ముద్రలు కొట్టి ఇంటికొస్తే ఇక్కడా ముద్రలేనా" అంటాడు. పాపకు 13, ఫోన్ వదలదు. బాబుకు 7, వాడికి ఇష్టమే గానీ పచ్చ ఇంకు అంటిన ముద్రను తీసుకుపోయి పసుపు ప్యాడు మీద గుద్దుతాడు, అది 400 పెట్టి తెప్పించుకున్న ప్యాడు, ప్రాణం పోయినంత పనైంది. వాడు వంకరగా వేస్తే పక్కన నేను సరిగ్గా వేసి చూపిస్తా, ఐదు నిమిషాలు కూడా కూర్చోడు, లేచి పోతాడు. ఇక మా అత్త అటక మీద పాత పెళ్లిపత్రికలు కట్టలు కట్టలుగా దాచింది, "ఇన్ని అట్టలు ఇంట్లో పెట్టుకుని దుడ్లు పెట్టి కాగితాలు కొంటావా" అని రోజుకొకసారి.

సంక్రాంతికి చుట్టాలకు ఒక 25 కార్డులు ఇంటిల్లిపాదీ కలిసి చేసి పంపాలని నా ఆశ. వీళ్లను ఎట్లా కూర్చోబెట్టాలో చెప్పండి. ఇంకోటి, ఆన్‌లైన్లో దొరికే ముద్రల మీద రాతలన్నీ ఇంగ్లీషే. అత్త చూసి "ఇది ఎవరు చదవడానికి" అంది, నా దగ్గర జవాబు లేదు. "సంక్రాంతి శుభాకాంక్షలు" అని తెలుగులో ముద్ర కావాలంటే ఎక్కడ చేయిస్తారు?

కర్నూలు_బురుజు:

రెండో ప్రశ్నకు నేను చెప్తా, మొదటిది నా వల్ల కాదు, మా ఇంట్లోనూ అదే కథ.

కోర్టు చుట్టుపక్కల లాయర్లకు, ఆఫీసులకు ముద్రలు చేసే కొట్లుంటాయి కదా, వాళ్లే చేస్తారు. మీరే పెద్దగా, అందంగా రాసి ఆ కాగితం ఇస్తే స్కాన్ చేసి కావలసిన సైజుకు తగ్గిస్తారు. మరీ చిన్నది చేయించొద్దు. "క్ష" కింద వత్తు, "భా"లో సందులు ఇంకుతో పూడుకుపోయి నల్లటి చుక్కలవుతాయి. లోపలే ఇంకు ఉండే రకం ఇస్తామంటారు, అది వద్దని చెప్పండి, దాంట్లో ఎప్పుడూ ఒకటే రంగు. మామూలు పిడి ముద్ర అయితే మీ దగ్గరున్న ఏ ప్యాడైనా వాడుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, చేసే ముందు ప్రింటు తీసి చూపించమనండి. నేను చూడకుండా డబ్బులు కట్టేశా, "శుభాకాంశలు" అని వచ్చింది. ఇప్పటికీ నా టేబుల్ మీద పేపర్‌వెయిట్‌లాగా పడుంది.

కడప_డ్రాయింగ్‌సారు:

అమ్మా, కోపం తెచ్చుకోవద్దు. బాబు ఎందుకు లేచిపోతున్నాడో మీరే రాశారు, మీకు కనపడలేదంతే. వాడు వంకరగా వేస్తే మీరు సరిగ్గా వేసి చూపిస్తున్నారు. ముప్పై ఏళ్లు బడిలో బొమ్మలు నేర్పినవాణ్ని, నేనూ మొదట్లో ఇదే తప్పు చేశా, పిల్లవాడి కాగితం మీద నా పెన్సిల్ పెట్టేవాణ్ని. ఆ తర్వాత వాడు గీసేవాడు కాదు, నా చెయ్యి ఎప్పుడొస్తుందా అని చూస్తా కూర్చునేవాడు.

మీ 400 రూపాయల ప్యాడు బీరువాలో పెట్టి తాళం వేయండి. బాబుకు వాడి సొంత సరంజామా ఇవ్వండి, ఖర్చు కూరగాయలంత. బెండకాయను తొడిమ నుంచి రెండంగుళాలు వదిలి అడ్డంగా కోస్తే పువ్వు, ఉల్లిగడ్డను అడ్డంగా సగానికి కోస్తే చక్రాలు. బెండకాయ కోసిన వెంటనే వేయొద్దు, జిగట మీద రంగు నిలవదు, గుడ్డతో అద్ది కాసేపు ఆరనివ్వాలి. ఆలుగడ్డను కూడా కోసిన వైపు పేపరు మీద బోర్లించి నీరు పీల్చనివ్వాలి. ప్లేటులో తడి స్పాంజి పెట్టి దాని మీద పోస్టర్ కలరు పూయండి, అదే వాడి ప్యాడు. ఏ రంగు ఏ రంగులో కలిసినా ఇక మీకు బాధ ఉండదు.

పాపకు ఫోన్ వదలమని చెప్పొద్దు. ఈ ఆదివారం ఫోనుతోనే లేపాక్షి తీసుకుపోండి. అక్కడ లతా మండపం స్తంభాల మీద ఒకదాన్ని పోలినది ఇంకొకటి లేనట్టు అల్లికలుంటాయి, చీరల అంచులకు ఎత్తుకున్న డిజైన్లు అవే. నచ్చిన ఒక్క ముక్క ఫొటో తీయమనండి. దాన్ని మెత్తటి పెన్సిల్‌తో ట్రేసింగ్ పేపరు మీద గీసి, గీసిన వైపు కిందికి పెట్టి పెద్ద రబ్బరు మీద (పిల్లలు రాతలు చెరిపే రబ్బరే) గోటితో రుద్దితే బొమ్మ తిరగబడి దిగుతుంది. తిరగబడింది గనకే ముద్ర వేస్తే సరిగ్గా వస్తుంది, తెలుగు అక్షరాలకూ ఇదే కిటుకు. బ్లేడు మీ దగ్గరుండాలి. గీతకు ఆనుకుని లోపలికి కోయకూడదు, బయటికి వాలుగా కోయాలి, లేకపోతే నాలుగు ముద్రలకే గీత విరిగి ఊడుతుంది.

ముద్ర మధ్యలో తేలిపోతుంటే కాగితం కింద దుప్పటి ముక్క మడిచి వేసుకోండి. పెడనలో కలంకారీ అచ్చులు వేసేవాళ్ల బల్లలు చూశాను, చెక్క అచ్చు సమంగా కూర్చోవడానికి మీద మెత్తగా గుడ్డ పొరలు పరిచి ఉంటాయి.

గుత్తి_రోడ్డు:

అందరూ ఎందుకు కలవాలి? మా ఇంట్లో నేను చేపలు పెంచుతా, ఎవరూ తొట్టి వైపు కూడా చూడరు, హాయిగా ఉంది. మీది మీరు చేసుకోండి.

హిందూపురం_అక్క:

పై అన్న చెప్పింది కూడా నిజమే, ఒక్కోసారి నాకూ అట్లే అనిపిస్తుంది. కానీ ఈమె అడిగింది అది కాదు కదా.

మీ అత్త మాట నాకు తిట్టులాగా అనిపించలేదమ్మాయ్. ఆమె సామాను ఇస్తానంటోంది, మీరు వద్దంటున్నారు. ఆ పెళ్లిపత్రికలు దింపించండి. మెరుపు కాగితం మీద మాత్రం మామూలు ఇంకు వేయొద్దు, ఆరక చేతికంటుతుంది. లోపలి వైపు నున్నగా లేని చోట వేసుకోండి, పైనున్న బంగారు రంగు అంచులు, వినాయకుడి బొమ్మలు కత్తిరించి అతికించడానికి వాడుకోండి. ఆ కత్తిరించే పని ఆమెకే వదిలేయండి.

ఇంకో పని చేయండి. పెన్సిల్ వెనక రబ్బరు ఉంటుంది చూడండి, దాన్ని తెల్ల ఇంకులో అద్ది ఎర్రటి అట్ట మీద వరసగా చుక్కలు పెట్టి, ఏమీ చెప్పకుండా ఆమె ముందు పెట్టి వంటింట్లోకి పోండి. ఏమవుతుందో మాకు చెప్పండి.

బరువు చూసుకోండి. 250 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే) అట్ట ఏ4 సైజుది ఒక్కటే దాదాపు 16 గ్రాములు, సగం చేసి మడిస్తే 8. దాని మీద పెళ్లిపత్రిక ముక్కలు, జిగురు, కవరు కలిస్తే 20 గ్రాములు దాటొచ్చు, దాటితే స్టాంపులు ఎక్కువ అంటించాలి. నేను చూసుకోక మా ఆడబిడ్డ దగ్గర పోస్ట్‌మ్యాన్ డబ్బులు అడిగాడు, ఆ మాట ఇప్పటికీ వింటున్నా.

అనంతపురం_అమ్మి:

పండగైపోయింది, ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోవద్దు.

25 అనుకున్నది 19 అయినాయి. అక్కా, మీరు చెప్పినట్టే చుక్కలు పెట్టి వంటింట్లోకి పోయినా. రెండు నిమిషాలు కాలేదు, "ఎవురు పెట్టినారు ఈ చుక్కలు, లెక్క తప్పినాయి" అని కేక. 7 చుక్కలు పెట్టి 4 వరకు సందు చుక్క రావాలంట, నేను మధ్య వరసలో ఒకటి ఎగ్గొట్టినా. పెన్సిల్ లాక్కుని తనే మళ్లీ పెట్టింది, తెల్ల జెల్ పెన్ను ఇస్తే కలిపేసింది. ఆ రోజు ఎనిమిది కార్డులు ఆమెవే. చెయ్యి వణుకుతుంది గదా, గీతలు కొంచెం అలలుగా వచ్చినాయి. నాకు సరిచేద్దామని చెయ్యి పోయింది, సారు మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నా.

బాబు బెండకాయతో కార్డులతో పాటు వంటింటి తలుపు మీద కూడా వేసినాడు. మిగిలిన బెండకాయ ముక్కలు స్కూలు బ్యాగులో దాచుకున్నాడు, మూడో రోజు వాసన వస్తే గానీ తెలీలేదు. పాప లేపాక్షి వచ్చింది, ఫొటోలు 60 తీసింది, కోసింది ఒక్కటే, అది కూడా సగంలో విరిగింది, ఆ విరిగిన సగాన్నే మూలల్లో వేసుకుంది. అందరికంటే దాని కార్డే బాగుందని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పినాడు. మరుసటి రోజు నుంచి మళ్లీ ఫోనే, నేను అబద్ధం చెప్పను.

మా ఆయన దూరంగా పేపరు చదువుకుంటా కూర్చున్నాడు. చివర్లో కార్డుల వెనక తేదీ వేయాలని నేను పెన్నుతో రాస్తుంటే చూడలేక స్కూటర్ మీద పోయి, అంకెలు తిప్పుకునే తేదీ ముద్ర కొనుక్కొచ్చినాడు. 19 కార్డులు, రెండు నిమిషాలు, ఒక్కటి వంకర పోలేదు. నాకు మూడేళ్లలో రాలేదు ఆ నైపుణ్యం.

కర్నూలు అన్నా, తెలుగు ముద్ర చేయించినా, ప్రింటు చూసే ఒప్పుకున్నా. బాగా వచ్చింది.

ఇప్పుడు కొత్త చిక్కు. ఆ తేదీ ముద్ర మీద అత్త కన్ను పడింది. వచ్చే ఎండాకాలం ఆవకాయ జాడీలకు ఏ రోజు పెట్టిందీ ముద్ర వేసిన చీటీలు కావాలంట, "నిమ్మకాయ", "గోంగూర", "ఆవకాయ" అని తలా ఒక ముద్ర. నా ప్యాడు ఇంకు నూనె తగిలితే పాకిపోతుంది, వేసి చూసినా. నూనె చేతులతో పట్టుకున్నా చెరగని ఇంకు ఎవరైనా వాడినారా?