పాత బంగారు స్పీడ్‌మాస్టర్‌కి మెరుగు పెట్టించాలా, గీతలతోనే ఉంచాలా?

మూడోముల్లు:
అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో ఒక డీలర్ దగ్గర ఒమేగా స్పీడ్‌మాస్టర్ బీఏ 145.022 వాచీ చూశాను. మనిషి చంద్రుడి మీద దిగిన 1969లో వచ్చిన 18 క్యారెట్ల బంగారు మోడల్. మొత్తం 1,014 మాత్రమే చేశారు. నేను చూసినదాని కేసు (వాచీ బయటి బంగారు డబ్బా) నిండా గీతలున్నాయి, బెజెల్ (అద్దం చుట్టూ ఉండే రింగు) ముదురు ఎరుపు పాలిపోయింది. కొంటానంటే పాలిష్ చేయించి కొత్తదానిలా ఇస్తానంటున్నాడు. మా ఇంట్లోనూ అదే మాట, బంగారమన్నాక మెరవాలి కదా అని. మీరేమంటారు?

లెమానియాప్రియ:
వద్దండి. డబ్బు కట్టకముందే ఆ మాట డీలర్‌కి గట్టిగా చెప్పండి.

ఇంట్లో గాజులకు మెరుగు పెట్టించినప్పుడు రవ్వంత బంగారం పోయినా పట్టించుకోం, ఎందుకంటే గాజు విలువ తూకంలో ఉంటుంది. ఈ వాచీ విలువ కేసు ఆకారంలో ఉంది. లగ్‌లను, అంటే చైను తగిలించే కేసు కొమ్ములను, గమనించారా? కొద్దిగా మెలి తిరిగి ఉంటాయి, ఆ మెలిక వెంట అద్దంలా మెరిసే సన్నని పట్టీ ఒకటి పదునైన అంచుతో సాగుతుంది. 18 క్యారెట్లంటే 75 శాతం బంగారం, స్టీలు కంటే చాలా మెత్తన. మెరుగు పెట్టే బఫ్ చక్రం మీద పెడితే గీతల కంటే ముందు ఆ అంచే కరిగిపోతుంది. రెండు మూడు పాలిష్‌ల తర్వాత లగ్‌లు గుండ్రంగా, సబ్బుబిళ్లలా తయారవుతాయి. గీత పోతుంది, దానితోపాటు తయారుచేసినవాళ్ల చేతిపని కూడా పోతుంది.

ఇంకోటి, హాల్‌మార్క్. ఆ కాలపు స్విస్ 18 క్యారెట్ల కేసుల మీద హెల్వెషియా అనే స్త్రీ తల ముద్ర ఉంటుంది, 14 క్యారెట్లయితే ఉడుత. బయటివైపు ఉన్న ముద్ర మసకబారితే ఆ కేసు మీద ఎన్నిసార్లు చక్రం తిరిగిందో ఊహించుకోవచ్చు. 1970లలో హోయర్ వాచీ కంపెనీ అధిపతి జాక్ హోయర్ ఫెరారీ రేసు డ్రైవర్లకు ఇచ్చిన బంగారు కరెరా 1158 వాచీ సంగతి చూడండి. వెనక మూత మీద డ్రైవర్ పేరు, బ్లడ్ గ్రూప్ చెక్కి ఉంటాయి. ఆ చెక్కుడు అరిగిపోతే అది ఆ డ్రైవర్లలో లౌడాదో రెగాజోనిదో ఎవరికి తెలుస్తుంది?

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. 1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు చేరింది. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల దెబ్బకు మెకానికల్ వాచీలను అప్పటికే అడిగేవాళ్లు తగ్గారు. కేసులు కరిగించి, మెషీన్‌లు పక్కన పడేశారు. ఆ కొలిమి తప్పించుకుని ఇప్పటిదాకా వచ్చినవాటిని మన చేత్తో మనం అరగదీయకూడదు.

చేతికే_అందం:
లెమానియాప్రియ గారూ, హాల్‌మార్క్ మాట నిజం. మిగతాది పూర్తిగా ఒప్పుకోలేను. ఆ రోజుల్లో వాచీ సర్వీసుకి వెళితే పాలిష్ చేసి ఇవ్వడం మామూలు పని. యాభై ఏళ్లలో ఒక్కసారైనా చక్రం తగలని బంగారు క్రోనోగ్రాఫ్ (ఇలా స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) చాలా అరుదు. "అన్‌పాలిష్డ్" అని రాసి అమ్మేవాటిలో చాలావాటికి పాలిష్ ఎప్పుడో అయిపోయింది. లేని కన్నెతనానికి కొనేవాళ్లు ఎక్కువ ధర కడుతున్నారు, ఇది నాకు బాధగా ఉంటుంది.

పైగా ఇవి వాడటానికి చేసినవి. 1969 నవంబర్ 25న హ్యూస్టన్ విందులో ఒమేగా ఈ మోడల్‌ను ఆస్ట్రోనాట్లకు ఇచ్చినప్పుడు కొత్తగా మెరుస్తూనే ఇచ్చారు. ఇప్పుడు లేజర్ వెల్డింగ్‌తో అదే క్యారెట్ బంగారం నింపి, అరిగిన అంచును తిరిగి తీసే పనివాళ్లున్నారు. మంచి చేతికి ఇస్తే తప్పేంటి? పాత ఇత్తడి బిందెకు మాట్లు వేయించుకుని వాడుకోలేదా మన పెద్దలు?

క్వార్ట్జ్‌కుదూరం:
బెజెల్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లకండి. అది రంగెక్కించిన అల్యూమినియం. ఈ మోడల్‌కి మొదట్లో వచ్చిన ఎరుపు బెజెల్ తీసేసి కొత్తది వేస్తే, పాతదాన్ని మళ్లీ సంపాదించడం మహా కష్టం.

లెమానియాప్రియ:
వాడొద్దని నేను అనలేదు, హాయిగా పెట్టుకోండి. కొత్త గీతలు పడితే పడనివ్వండి. నేను వద్దనేది బంగారం తీసెయ్యడమే. వెల్డింగ్‌తో నింపినదాన్ని నేను అసలు కేసు అని ఒప్పుకోను, ఎంత బాగా చేసినా సరే. అది ఇవాళ్టి పనివాడి ఊహ.

మెషీన్ సంగతి వేరు. ఈ వాచీ లోపలి 861 క్యాలిబర్ మెషీన్‌ను విప్పించి, శుభ్రం చేయించి, కొత్త నూనె వేయించాల్సిందే. నూనె ఎండిన మెషీన్‌ను అలాగే నడిపిస్తే చక్రాల పళ్లూ, వాటి ఇరుసు కొనలైన పివట్లూ అరుగుతాయి. అక్కడ "ముట్టుకోవద్దు" అనే వాదన నడవదు.

చేతికే_అందం:
ఆ మెషీన్‌లో అరిగిన చక్రం మారిస్తే మీకు అభ్యంతరం లేదు, కేసు అంచు సరిచేస్తే మాత్రం ఉంది. ఈ తేడా నాకు ఇంకా మింగుడు పడట్లేదు. చేసిన పనేదో బిల్లు మీద స్పష్టంగా రాసిస్తే చాలు, కొనేవాడు మోసపోడు.

మూడోముల్లు గారూ, లగ్‌ల ఫొటోలు పక్కనుంచి, హాల్‌మార్క్ దగ్గరనుంచి తీసి పెట్టండి. చైను సాగిందేమో కూడా చూడండి, బంగారు చైన్లకు అది సహజం. అంచులు నిజంగా పదునుగా ఉంటే నేను కూడా పాలిష్ వద్దనే అంటాను.

మూడోముల్లు:
డీలర్‌కి పాలిష్ ఆపమని మెసేజ్ పెట్టాను. శనివారం వెళ్లి ఫొటోలు తీసుకొస్తా.