లోగ్రేడ్ పొగాకుకి రేటు ఒక్కచోటే ఆగిపోతోంది. సిండికేట్ అని తేల్చేదెట్లా?

కొండపి_బ్యారన్:
పొగాకు బోర్డు వేలం కేంద్రంలో రిజిస్టరైన కంపెనీల లిస్టు చూస్తే పొడుగ్గానే ఉంటుంది. బ్రైట్ గ్రేడు (మంచి రంగున్న మేలు రకం) బేళ్లకి పోటీపడి పాడతారు కూడా. లోగ్రేడ్ (నాసిరకం ఆకు) వరస రాగానే ఒక బయ్యర్ రేటు కొడతాడు, మిగతావాళ్లు మిషన్ మీద వేలు పెట్టరు. లేదంటే నోబిడ్, ఎవరూ పాడక బేలు మిగిలిపోతుంది. మూడు విషయాలు తెలిసినవాళ్లు చెప్పండి. ఇది సిండికేట్, అంటే బయ్యర్ల కుమ్మక్కు, అని తేల్చడం ఎట్లా? కంపెనీల కుమ్మక్కు మీద విచారించే కాంపిటీషన్ కమిషన్‌కి పోతే పని జరుగుతుందా? రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ని దింపితే రేటు నిజంగా లేస్తుందా?

లెక్కల_పంతులు:
లిస్టులో ఎంతమంది ఉన్నారన్నది పక్కన పెట్టండి. మీ గ్రేడు బేలు మీద ఆ రోజు ఎంతమంది పాడారు? పోటీ అంటే అదే.

వేలంలో రేటు ఎక్కడ ఆగుతుందో చూడండి. ఒక బయ్యర్ కిలోకి 180 దాకా పోగలడు, రెండోవాడు 150 దాకా పోగలడు అనుకుందాం. రెండోవాడు 150 దగ్గర చేతులెత్తేస్తే మొదటివాడు 151కి పట్టుకుపోతాడు. 180 ఎప్పటికీ బయటికి రాదు. అంటే రేటు తేల్చేది గెలిచినవాడు కాదు, ఓడిపోయినవాడు. ఆ రెండోవాడు అసలు పాడకపోతే మొదలుపెట్టిన రేటుకే బేలు పోతుంది. లోగ్రేడ్‌లో జరుగుతున్నది ఇదే.

కొలవాలంటే గ్రేడువారీగా కొలవాలి. ఒక్కో కంపెనీ ఆ గ్రేడులో ఎంత శాతం కొన్నదో రాసి, ఆ శాతాన్ని దానితోనే హెచ్చవేసి, అన్నీ కూడండి. దీన్నే హెచ్‌హెచ్‌ఐ అంటారు, మార్కెట్ ఎంత కొద్దిమంది చేతుల్లో ఉందో చెప్పే అంకె. మాటవరసకి బ్రైట్‌లో అయిదుగురు 30, 25, 20, 15, 10 శాతం కొంటే 900+625+400+225+100, మొత్తం 2,250. లోగ్రేడ్‌లో ఇద్దరే 80, 20 కొంటే 6,400+400, మొత్తం 6,800. అమెరికాలో 2023 విలీన మార్గదర్శకాల ప్రకారం 1,800 దాటితేనే బాగా బిగుసుకున్న మార్కెట్ కింద లెక్క. గ్రేడులన్నీ కలిపేసి లెక్కేస్తే మాత్రం అంకె బుద్ధిగా కనపడుతుంది. అధికారుల మీటింగుల్లో చూపించేది సాధారణంగా ఆ కలిపిన అంకే.

ఇంకో సంగతి. ఇద్దరు ముగ్గురే ఉన్నప్పుడు వాళ్లు కూర్చుని మాట్లాడుకోవాల్సిన పని కూడా లేదు. నెలల తరబడి రోజూ అదే హాల్లో అవే ముఖాలు. ఇవాళ నేను అయిదు రూపాయలు పెంచితే రేపు నువ్వూ పెంచుతావు, ఇద్దరికీ ఖర్చే తప్ప ఒక్క బేలు ఎక్కువ రాదు. ఇది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ కదలరు.

కోర్టుపక్షి:
పంతులుగారు ఆఖర్న చెప్పిన మాటే చట్టం దగ్గర అడ్డం తిరుగుతుంది. 2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3(3)లో అమ్మకం ధరే కాదు, కొనుగోలు ధర కూడబలుక్కోవడమూ ఉంది, వేలంలో కుమ్మక్కూ ఉంది. కానీ కూడబలుక్కున్నట్టు చూపాలి. రేటు ఒకటే అయినంత మాత్రాన చాలదు. గ్యాస్ సిలిండర్ల తయారీదారులు ఇండియన్ ఆయిల్ టెండర్లో ఒకే రేట్లు వేశారని కమిషన్ జరిమానా వేస్తే, 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొనేవాళ్లు కొద్దిమందే, సరుకు ఒకే రకం, అలాంటి మార్కెట్‌లో రేట్లు కలవడం వింత కాదంది. రాజస్థాన్ సిలిండర్స్ కేసు అది. మీ ఫిర్యాదుకి అవతలి వకీలు మొదట తీసేది దాన్నే.

కాబట్టి రేటుకి తోడు ఇంకేదో కావాలి. కంపెనీలు వంతులవారీగా గెలవడం. ఒకడు కొన్న బేళ్లు తర్వాత గోడౌన్‌లో ఇంకొకడితో పంచుకోవడం. బయ్యర్ల మధ్య మెసేజీలు. వీటిలో రెండోది దొరికితే కేసుకి ప్రాణం వచ్చినట్టే.

అందరూ మర్చిపోయేది సెక్షన్ 3(5). పూర్తిగా ఎగుమతికే సంబంధించిన ఒప్పందాలకి సెక్షన్ 3 వర్తించదు. మన వర్జీనియా రకం పొగాకులో చాలా భాగం ఎగుమతికే పోతుంది, ఆ చాటున దాక్కోవాలని చూస్తారు. ఇక్కడ రైతు దగ్గర కొనే రేటు కూడా 'పూర్తిగా ఎగుమతి' కిందికి వస్తుందా అన్నది గట్టిగా వాదించాల్సిన పాయింటు.

ఫిర్యాదు ఢిల్లీలోని కమిషన్‌కి, సెక్షన్ 19 కింద. 2023 సవరణ తర్వాత మూడేళ్లలోపు వెయ్యాలి. మొదటి చూపులో విషయం ఉందనిపిస్తే 26(1) కింద డైరెక్టర్ జనరల్ విచారణకి పంపుతారు. లేదంటే 26(2) కింద మూసేస్తారు, దాని మీద 60 రోజుల్లో ఎన్‌సీఎల్‌ఏటీకి (కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్‌కి) అప్పీలు. పేరు బయటికి రాకూడదంటే ఫిర్యాదుతో పాటే గోప్యత కోరాలి, తర్వాత గుర్తొస్తే లాభం లేదు. ఏళ్లు పడుతుంది. ఈ సీజన్ రేటుకి ఇది మందు కాదు.

కొండపి_బ్యారన్:
అర్థమైందండీ. మరి బేలు అమ్మకుండా వెనక్కి తెచ్చుకుంటే? అలాగైనా వాళ్లు దిగిరారా?

లెక్కల_పంతులు:
లెక్క వేసుకుని చెయ్యాలి. 120 కిలోల బేలుకి కిలో మీద 10 తగ్గితే పోయేది 1,200. వెనక్కి తెస్తే రానుపోను బాడుగ, రెండుసార్లు హమాలీ, ఆరి తరుగు, మళ్లీ మీ క్లస్టర్ (మీ ఊళ్ల గుంపు) వంతు వచ్చేదాకా బ్యాంకు వడ్డీ. తేమ పట్టి బూజు వస్తే గ్రేడే పడిపోతుంది. మీకు ఆగే ఓపిక ఎంతో బయ్యర్‌కి మీకంటే బాగా తెలుసు. ఒక్కరే ఆగితే ఉపయోగం లేదు. ఆ గ్రేడు తెచ్చినవాళ్లంతా ఒకేరోజు ఆపితే, ఓడ బుకింగ్ తేదీ దగ్గరపడ్డ కంపెనీ కదులుతుంది.

పొదిలి_నల్లరేగడి:
మార్క్‌ఫెడ్ సంగతి నేను చెప్తా. 2020 జులైలో ప్రభుత్వం దాన్ని వేలం కేంద్రాల్లోకి దింపింది. పంతులుగారు చెప్పిన ఆ రెండో పాటగాడు అదే. బేళ్లన్నీ కొనక్కర్లేదు, గట్టిగా పాడతాడన్న భయం ఉంటే చాలు. అయితే రెండు తిరకాసులున్నాయి. కొన్న సరుకుతో మార్క్‌ఫెడ్ సిగరెట్లు చుట్టదు కదా, చివరికి అమ్మాల్సింది ఆ కంపెనీలకే. గోడౌన్‌లో స్టాకు పేరుకుందని తెలిస్తే వచ్చే సీజన్లో వాళ్లు ఇంకా నింపాదిగా కూర్చుంటారు. రెండోది, ఇంతకి కొంటామని ముందే ప్రకటిస్తే కంపెనీలు సరిగ్గా అక్కడే ఆగుతాయి. కనీస ధర కాస్తా గరిష్ఠ ధర అయిపోతుంది. అందుకే రేటు గుట్టుగా ఉంచాలి.

కోర్టుపక్షి:
గుట్టుగా ఉంచితే రైతు ఆగాలో అమ్మాలో ఎట్లా తేల్చుకుంటాడన్నా? సర్కారు డబ్బుతో పాడే పాటకి లెక్క చెప్పక తప్పదు. నా వరకైతే ప్రకటించడమే మేలు, కాకపోతే గ్రేడువారీగా. ఇంకోటి, పొగాకు బోర్డు చట్టం సెక్షన్ 8లోనే రైతు మేలు కోసం అవసరమైతే బోర్డే వర్జీనియా కొనొచ్చని ఉంది. వినతిపత్రంలో ఆ మాట రాయకుండా 'ఆదుకోవాలి' అని మాత్రమే రాస్తే అది ఫైల్లో పడి ఉంటుంది.

పొదిలి_నల్లరేగడి:
ఎన్ని లోపాలున్నా వేలమే నయం. ఆంధ్రాలో 1985 నుంచి వర్జీనియాకి ఈ పద్ధతి ఉంది. నల్లబర్లీ అనే ఇంకో రకం పొగాకుకి లేదు, బోర్డు వేలం వర్జీనియా వరకే. 2025లో కంపెనీలు నల్లబర్లీ కొనకుండా వెనక్కి తగ్గితే రైతుకి నోబిడ్ అనిపించుకునే హాలు కూడా లేదు, ప్రభుత్వమే మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది.

లెక్కల_పంతులు:
వివరాలు పోగుచేసేవాళ్లకి ఒక జాగ్రత్త. పేపర్లో రోజూ వచ్చే సగటు ధరతో వాదించొద్దు. ఆ రోజు బ్రైట్ ఎక్కువ వస్తే సగటు లేస్తుంది, లోగ్రేడ్ ఎక్కువైతే పడుతుంది. అందులో పోటీ ఏమీ కనపడదు. ఒక్కో బేలుకి తేదీ, గ్రేడు, బరువు, మొదటి రేటు, చివరి రేటు, ఎంతమంది పాడారు, ఎవరు కొన్నారు రాయండి. నోబిడ్ బేలు మళ్లీ వచ్చినప్పుడు ఎవరు ఎంతకి కొన్నారో తప్పకుండా రాయండి, మొదటిరోజు వద్దన్నవాడే తర్వాత తక్కువకి పట్టుకుపోతున్నాడా అన్నది అక్కడే బయటపడుతుంది. గ్రేడు విషయంలో బోర్డు వేసినదే రాయండి. రైతు అనుకున్న గ్రేడు రాస్తే అవతలివాళ్లు మొత్తం పుస్తకాన్నే పక్కన పెట్టేస్తారు.