గర్భస్రావానికి భర్త సంతకం తప్పనిసరా?

ప్రశ్న (రాజోలు): మా బంధువుల అమ్మాయికి ఇది 11వ వారం. అమలాపురంలోని ఒక ఆసుపత్రిలో భర్త సంతకం లేనిదే గర్భస్రావం చేయబోమన్నారు. చట్టం అలాగే చెబుతోందా?

జవాబు: లేదండి. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం (ఎంటీపీ చట్టం) ప్రకారం, మానసిక అనారోగ్యం లేని, 18 ఏళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. అయితే అడగగానే గర్భస్రావం చేయాలని చట్టం చెప్పలేదు. 2021 సవరణ తరువాత 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరి అభిప్రాయం కావాలి.

మరొక జవాబు: కడుపులోని ప్రాణం మాటేమిటి? ఆడపిల్ల అని తెలిసి తీయించుకున్న ఇళ్లను మా కోనసీమలోనే చూశాను.

దానికి జవాబు: అది లింగనిర్ధారణ నేరం, దానిని 1994 చట్టం విడిగా నిషేధించింది. ఆ నేరాన్ని చూపి ఈ తలుపు మూసేస్తే, లంక గ్రామాల పేద స్త్రీలు నాటువైద్యం పాలవుతారని నా భయం.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. రేపు చట్టం ప్రతితోనే వెళతాం.