డానీ హాథవే పాటలోని ఆర్తి జబ్బు నుంచి వచ్చినదేనా?

గోదావరి శ్రోత (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొంతకాలంగా అమెరికన్ సోల్ (నల్లజాతి చర్చి పాటల ఒరవడిలో పుట్టిన ఆవేశభరిత గానం) గాయకుడు డానీ హాథవే పాటలు శ్రద్ధగా వింటున్నాను. 1945లో పుట్టి, 1979 జనవరిలో 33 ఏళ్లకే ఆత్మహత్యతో మరణించిన ఈ గాయకుడు సొంతంగా చేసిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే మూడు. 1970లో ఒకటి, 1971లో ఒకటి, 1973లో ఒకటి వచ్చాయి. ఆ తరువాత దాదాపు ఆరేళ్ల పాటు బతికే ఉన్నా నాలుగోది రాలేదు. ఆయన గురించి రాసేవారిలో చాలామంది మానసిక వ్యాధి ప్రస్తావనతోనే మొదలుపెట్టి, ఆ గొంతులోని ఆర్తికి ఆ వ్యాధే మూలమన్నట్టుగా ముగిస్తున్నారు. పాట వింటున్నప్పుడు నాకు మాత్రం నలిగిపోయిన మనిషి కనిపించడం లేదు. ప్రతి స్వరం ఎక్కడ పడాలో తెలిసిన విద్వాంసుడే కనిపిస్తున్నాడు. నేను వింటున్నది సరిగానే వింటున్నానా? 1973 తరువాత అసలు ఏం జరిగింది? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పియానో మెట్లు:

గోదావరి శ్రోత గారూ, మీరు వింటున్నది సరిగానే వింటున్నారు. ఏది ముందు, ఏది తరువాత అన్నది చూస్తేనే ఆ వాదన నిలవదు. డానీ షికాగోలో పుట్టినా పెరిగింది సెయింట్ లూయిస్‌లో, బామ్మ మార్తా పిట్స్ దగ్గర. ఆమె గాస్పెల్, అంటే నల్లజాతి చర్చీల భక్తిగీతాల గాయని. మూడేళ్ల వయసు నుంచే ఆయన ఆమె వెంట చర్చిలో పాడారు; దేశంలోకెల్లా అతి చిన్న గాస్పెల్ గాయకుడని ఆ పిల్లవాణ్ని సభల్లో పరిచయం చేసేవారు. 1964లో స్కాలర్‌షిప్ మీద వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదవడానికి చేరారు. గాయని రోబర్టా ఫ్లాక్‌తో స్నేహం అక్కడే మొదలైంది. పట్టా చేతికి రాకముందే పని అవకాశాలు రావడంతో చదువు వదిలి షికాగో వెళ్లి, గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ నడిపే కర్టమ్ రికార్డుల సంస్థలో అరేంజర్‌గా (పాటకు వాద్యాల అమరిక చేసేవాడిగా), నిర్మాతగా, వాద్యకారుడిగా పనిచేశారు. అంటే తన పేరుతో ఆల్బమ్ రాకముందే ఇతరుల పాటలకు ఏ వాద్యం ఎక్కడ పలకాలో, ఎక్కడ ఊరుకోవాలో నిర్ణయించిన చెయ్యి అది. ఆ నేర్పు జబ్బు ఇచ్చినది కాదు.

దీనికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 1972లో వచ్చిన లైవ్ ఆల్బమ్. అందులో ఒక భాగం హాలీవుడ్‌లోని ట్రూబడూర్ క్లబ్బులో, మరో భాగం న్యూయార్క్‌లోని బిట్టర్ ఎండ్‌లో 1971లో రికార్డు చేశారు. ట్రూబడూర్‌లో కెరోల్ కింగ్ రాసిన ‘యూ హావ్ గాట్ ఎ ఫ్రెండ్’ పాడుతున్నప్పుడు ఏమవుతుందో గమనించండి. పల్లవి రాగానే శ్రోతలందరూ ఒక్కసారిగా అందుకుంటారు. ఆయన పాటను వారికి అప్పగించి, ఎలక్ట్రిక్ పియానో మీద తోడుగా నిలుస్తారు. ఇది చర్చిలో నేర్చుకున్న పద్ధతి. ముందు పాడేవాడు ఒక చరణం ఎత్తి ఇస్తే చర్చిలో కూడినవారంతా దానిని మోసుకుపోతారు. బిట్టర్ ఎండ్ భాగం చివర ఉన్న సుదీర్ఘమైన పాటలో వాద్యకారులకు ఒక్కొక్కరికీ చోటు ఇచ్చి, ఆఖరున విల్లీ వీక్స్‌ను సభకు పరిచయం చేసి, ఆయన బేస్ గిటార్ వినిపించేంతసేపు తాను పక్కకు తప్పుకుంటారు. బేస్ వాయించడం నేర్చుకునేవారు ఈనాటికీ ఆ భాగాన్ని సాధన చేస్తుంటారు. తోటివారు ఏం చేయగలరో తెలిసి, వారికి దారి ఇవ్వగల నిండైన మనసుతో నడిచిన కచేరీ అది.

వార్డు నర్సు:

నేను మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను, కనుక ఆ వైపు నుంచి కొంత చెబుతాను. హాథవేకు నిర్ధారణ అయినది పారనాయిడ్ స్కిజోఫ్రీనియా. ఎవరో తనకు కీడు తలపెడుతున్నారన్న గట్టి నమ్మకం, లేని మాటలు వినిపించడం, వీటితో పాటు తీవ్రమైన కుంగుబాటు ఆ రోగుల్లో కనిపిస్తాయి. సాధారణంగా ఇరవైలలో బయటపడే వ్యాధి ఇది. ఒక కళాకారుడు వృత్తిలో నిలదొక్కుకునే వయసు కూడా అదే. 1973 తరువాతి సంవత్సరాల్లో ఆయన పలుమార్లు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. మీరు అడిగిన ఖాళీకి ప్రధాన కారణం అదే. ఆ కాలపు మందులు భ్రమలను తగ్గించినా చేతులు వణకడం, కండరాలు బిగుసుకోవడం, మత్తుగా ఉండడం వంటి ఇబ్బందులు ఎక్కువగా కలిగించేవి. పియానో వాయించే మనిషికి అది ఎంత కష్టమో ఊహించవచ్చు. చాలా మందులు వాడవలసి వచ్చేదనీ, కాలం గడిచేకొద్దీ వాటిని క్రమం తప్పకుండా తీసుకోవడం తగ్గిందనీ ఆయన భార్య తరువాత చెప్పారు. నేను రోజూ చూసే సంగతే ఇది. కాస్త తేరుకోగానే మందు మానడం, మళ్లీ జబ్బు తిరగబెట్టడం. దీనిని రోగి నిర్లక్ష్యమని నిందించడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకొక మాట. పైన చెప్పిన, విల్లీ వీక్స్ బేస్ వినిపించే పాట పేరులో ‘లోపలి గొంతులు’ అనే అర్థం ఉన్నందువల్ల, అది ఆయన తన జబ్బు గురించి రాసుకున్నదని అనుకోకండి. ఆ పాట రాసినది ఆయన తోటి సంగీతకారులు. ఇంట్లో ఎవరికైనా ఇటువంటి లక్షణాలు కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

కీర్తనల పుస్తకం:

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే జబ్బుకు ఆ సంగీతంలో ఏమాత్రం చోటు లేదనడం కూడా పూర్తి నిజం కాదు. 1973 ఆల్బమ్‌లోని ‘సమ్‌డే వుయ్ విల్ ఆల్ బీ ఫ్రీ’కి బాణీ డానీది, మాటలు ఎడ్వర్డ్ హోవార్డ్‌వి. అమెరికాలో దానిని నల్లజాతి విమోచన గీతంగా పాడుకుంటారు, అది సబబే. కానీ రాస్తున్నప్పుడు తన మనసులో ఉన్నది డానీయేననీ, ఆయన అనుభవిస్తున్న దాని నుంచి ఎప్పటికైనా విడుదల దొరకాలని కోరుకున్నాననీ హోవార్డ్ చెప్పారు. అంటే జబ్బు ఆ పాటలోకి వచ్చిన దారి వేరు. స్నేహితుడి కోసం ఒకరు పడిన తపనగా అది మాటల్లోకి చేరింది. దానికి రాగం కట్టి పాడినవాడు ఆ స్నేహితుడే.

చివరి సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1978లో ఫ్లాక్‌తో కలిసి పాడిన ‘ద క్లోజర్ ఐ గెట్ టు యూ’ అమెరికాలో పాటల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానానికి చేరింది. ఆ ఉత్సాహంతో ఇద్దరూ కలిసి మరో ఆల్బమ్ మొదలుపెట్టారు. 1979 జనవరి 13న న్యూయార్క్‌లో రికార్డింగ్ జరుగుతుండగా ఆయన భ్రమలతో తల్లడిల్లడం చూసి పని ఆపివేశారు. ఆ రాత్రే ఎసెక్స్ హౌస్ హోటల్లో మరణించారు. అప్పటికి పూర్తయిన రెండు యుగళగీతాలు 1980లో ఫ్లాక్ ఆల్బమ్‌లో వచ్చాయి. వాటిలో ‘బ్యాక్ టుగెదర్ అగెయిన్’ హుషారైన నాట్యగీతం. ఆ గొంతులో అలసట వెతికినా దొరకదు. కూతురు లైలా హాథవే 2015లో అదే ట్రూబడూర్‌లో తన లైవ్ ఆల్బమ్ రికార్డు చేసి, తండ్రి పాడిన ‘లిటిల్ గెట్టో బాయ్’ను తిరిగి పాడి గ్రామీ అందుకున్నారు.

గోదావరి శ్రోత:

ముగ్గురికీ కృతజ్ఞతలు. 1973 ఆల్బమ్ మొదట్లో మాటలు లేకుండా ఆర్కెస్ట్రా మాత్రమే వినిపించే రచన ఒకటి ఉంది కదా, దానికి నేపథ్యం ఏమిటి?

కీర్తనల పుస్తకం:

బైబిల్లోని 116వ కీర్తనకు ఐజక్ వాట్స్ చేసిన ఆంగ్ల పద్యరూపం నుంచి దాని పేరు తీసుకున్నారు. ‘యెహోవా నా మొరను ఆలకించాడు’ అని తెలుగు చర్చీల్లో చదువుకునే కీర్తనే అది. నల్లజాతి చర్చీల్లో ఆ పద్యాన్ని పెద్దలు ఒక్కొక్క చరణం చెబుతుంటే చర్చిలో కూడినవారంతా సాగదీసి, నెమ్మదిగా పాడతారు. డానీ దానిని తంత్రీవాద్యాలతో, గాలివాద్యాలతో సుమారు అయిదున్నర నిమిషాల రచనగా మలిచారు. దానిని వినగానే ఆపకండి. ‘సమ్‌డే’ పాట దాని వెంటనే మొదలవుతుంది, ఆయన ఆ రెంటినీ అదే వరుసలో ఉంచారు.