మా ఆవిడతో అనంతగిరి ఘాట్, కొత్త రైడర్‌కి సలహా కావాలి

అన్నలూ, బండి నేర్చుకుని ఎక్కువ కాలం కాలేదు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైక్ కొన్నాను. ఒక్కడినే అయితే టెన్షన్ లేదు, కానీ మా ఆవిడ వెనక కూర్చుందంటే ఆ 195 కిలోల బండి పూర్తిగా మారిపోయినట్టుంటుంది, ముఖ్యంగా యూటర్న్ దగ్గర. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగితే ఇక చూడాలి, క్లచ్ వదిలేలోపే బండి వెనక్కి జారుతుంది, తను నా భుజాన్ని గోళ్లతో సహా పట్టేసుకుంటుంది.

ఇప్పుడు ఫ్రెండ్స్ ఆదివారం వికారాబాద్ అనంతగిరి అంటున్నారు. చేవెళ్ల వైపు మర్రిచెట్ల రోడ్డు హాయిగానే ఉంటుంది, ఎదురుగా వచ్చే లారీలని వదిలేస్తే. నా భయమంతా ఘాట్ మలుపులే.

ఎత్తులో ఆగినప్పుడు కుడికాలు వెనక బ్రేక్ మీదే ఉంచి కదలమంటారు, ఇద్దరి బరువుని ఎడమకాలు ఒక్కటే ఆపగలదా? వెనక టైరులో గాలితో పాటు షాకబ్జర్ కూడా బిగించాలా? మలుపులో తనని నాతోపాటు వంగమనాలా, కదలకుండా కూర్చోమనాలా? మావాళ్లంతా స్పీడు బ్యాచ్, నేను మధ్యలో ఉండాలా, చివర్లోనా?

భార్యతో తిరిగేవాళ్లు చెప్పండి ప్లీజ్, "ఏం కాదు బ్రో" అనేవాళ్లు ఇంట్లోనే చాలామంది ఉన్నారు.