అప్‌డేట్: డయాలసిస్‌లో ఉన్న నాన్నకి హిమోగ్లోబిన్ ఎందుకు పెరగలేదో తెలిసింది

ముందు అడిగింది క్లుప్తంగా చెప్తాను. నాన్నకి వారానికి 3 సార్లు డయాలసిస్. ఎరిత్రోపోయిటిన్ (ఎర్ర రక్తకణాలు తయారయ్యేలా చేసే హార్మోన్) ఇంజెక్షన్ డోసు పెంచినా హిమోగ్లోబిన్ 8 దాటట్లేదు. ఐరన్ నిల్వల్ని సూచించే ఫెర్రిటిన్ బాగా ఎక్కువగా 1140, రక్తంలో వాడకానికి అందే ఐరన్‌ని చూపే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చూస్తే తక్కువగా 14 శాతమే, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉంటే పెరిగే సీఆర్‌పీ 46. ఒంట్లో ఐరన్ ఎక్కువుందా, తక్కువుందా అన్నది నా ప్రశ్న.

"ఎక్కడో ఇన్‌ఫెక్షన్ దాగి ఉంటుంది, పళ్లు కూడా చూపించండి" అన్నవారికి చేతులెత్తి దండం. సరిగ్గా అదే. ఎప్పుడో క్యాప్ వేయించుకున్న కింది దవడ పన్ను వేరు దగ్గర చీము పట్టింది. ఎక్స్‌రేలో నల్లగా గుండ్రంగా కనిపించింది. నాన్నకి నొప్పి లేదు, జ్వరం లేదు, ఆ పక్కనే నములుతున్నారు కూడా! డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కదా, అందుకని డయాలసిస్ లేని రోజు చూసి పన్ను తీశారు.

నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) చెప్పింది ఇది: ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఐఎల్-6 అనే ప్రోటీన్ పెరుగుతుంది, దాంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది. అది ఐరన్‌ని నిల్వల్లోంచి బయటికి రానివ్వదు. బీరువా నిండా డబ్బున్నా తాళంచెవి లేనట్టు. పైగా ఇన్‌ఫ్లమేషన్‌లో ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది, కాబట్టి ఆ ఒక్క అంకె చూసి ఐరన్ ఎక్కువైందనుకోకూడదు.

ఇప్పుడు సీఆర్‌పీ 7, ఫెర్రిటిన్ 610. ఇంజెక్షన్ డోసు మార్చకుండానే హిమోగ్లోబిన్ 10.3కి వచ్చింది.

వేరే కారణాలేమైనా ఉన్నాయేమో అని చేయించిన బీ12, పారాథైరాయిడ్, టీబీ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఇంజెక్షన్ బ్రాండ్ మార్చాల్సిన అవసరమూ రాలేదు. ఇకమీదట నెలనెలా చేసే రక్తపరీక్షల్లో సీఆర్‌పీ కూడా చేర్చమని అడిగాం, సరేనన్నారు.