పాలమూరులో పాత ఎస్19 బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రం: నెట్‌వర్క్ పోటీని బట్టి వేగం మారిస్తే గిట్టుబాటవుతుందా?

పాలమూరు వాసి (ప్రశ్న):
మహబూబ్‌నగర్‌లో మా ఇంటి మీద సోలార్ పలకలు ఉన్నాయి. బిట్‌కాయిన్ మైనింగ్ (లెక్కలు చేసి కొత్త బిట్‌కాయిన్లు సంపాదించడం) కోసం 95 టెరాహాష్‌ల, అంటే సెకనుకు 95 లక్షల కోట్ల లెక్కలు చేసే, ఆంట్‌మైనర్ ఎస్19 యంత్రం ఒకటి చౌకగా దొరుకుతున్నది. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో చాలామంది యంత్రాలు ఆపేసిన రోజుల్లో పూర్తి వేగంతో నడిపి, పోటీ పెరిగినప్పుడు వేగం తగ్గిస్తే మిగులు ఉంటుందని అనుకుంటున్నాను. ఇందులో లోపమేమైనా ఉంటే తెలుపగలరు.

నల్లగొండ ఇంజినీరు:
లోపం మొదటి మాటలోనే ఉన్నది. ఇతరులు ఆపేసినప్పుడు నెట్‌వర్క్‌లో మీ వాటా పెరిగే మాట నిజమే గాని, అదే నిష్పత్తిలో బ్లాకులు (బహుమతి తెచ్చే లావాదేవీల కట్టలు) రావడమూ ఆలస్యమవుతుంది కనుక మీ దినసరి రాబడి ఉన్నచోటనే ఉంటుంది. డిఫికల్టీ (బ్లాకు దొరకడం ఎంత కష్టమో తెలిపే కొలత) 2016 బ్లాకులకు ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకు, సవరించబడిన తరువాతనే మీకు లాభం కనిపిస్తుంది. 2021లో చైనా మైనింగ్‌ను నిషేధించినప్పుడు జులై 3న డిఫికల్టీ దాదాపు 28 శాతం పడిపోయింది. మిగిలినవారికి కలిసివచ్చింది ఆ సవరణ తరువాతనే. కాబట్టి మీరు గమనించవలసినవి ప్రస్తుత డిఫికల్టీ, బిట్‌కాయిన్ ధర, లావాదేవీల రుసుము మాత్రమే.

ఇక లెక్క చూద్దాం. 2024 ఏప్రిల్‌లో ఒక్కో బ్లాకుకు వచ్చే బహుమతి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గింది గనుక రోజుకు 144 బ్లాకుల చొప్పున 450 బిట్‌కాయిన్లు పుడతాయి. నెట్‌వర్క్ మొత్తం వేగం 900 ఎక్సాహాష్‌లు (ఒక ఎక్సాహాష్ అంటే పది లక్షల టెరాహాష్‌లు), బిట్‌కాయిన్ ధర 80 లక్షలు అనుకుంటే మీ యంత్రానికి రోజుకు సుమారు 380 రూపాయలు వస్తాయి. 3,250 వాట్ల యంత్రం రోజుకు 78 యూనిట్లు తాగుతుంది. అంటే యూనిట్ 4 రూపాయల 87 పైసలు దాటితే నష్టమే. వోల్టేజి తగ్గించి 70 టెరాహాష్‌లను 2,100 వాట్లకు నడపగలిగారనుకుందాం: రాబడి 280, వాడకం 50.4 యూనిట్లు, హద్దు 5 రూపాయల 55 పైసలు. వేగం తగ్గించడం వల్ల కలిగే మేలు ఆ కొద్ది పైసల తేడా మాత్రమే. యూనిట్ 10 రూపాయలైతే నిలిపివేయడమే సరి.

పాలమూరు వాసి:
ధన్యవాదాలు. మరి సోలార్ కరెంటు నాకు ఉచితమే కదా?

వనపర్తి నుంచి:
నెట్ మీటరింగ్ ఉన్నట్లయితే మీరు గ్రిడ్‌కు పంపే ప్రతి యూనిట్ మీ బిల్లులో ఒక యూనిట్‌ను తగ్గిస్తుంది; దాన్ని యంత్రానికి పోస్తే ఆ మేరకు బిల్లు పెరుగుతుంది గనుక అది ఉచితం కాదు. ఇంటి వాడకం మొత్తం తీరి, తక్కువ ధరకు పోతున్న మిగులు యూనిట్లు ఏవైనా ఉంటే వాటికి మాత్రమే మీ ఆలోచన వర్తిస్తుంది. పైగా మిగులు ఎక్కువగా వచ్చేది ఎండాకాలం మధ్యాహ్నాల్లో. ఆ వేడిలో యంత్రాన్ని చల్లబరచడానికే మళ్లీ కరెంటు కావాలి. వ్యవసాయ కనెక్షన్ నుంచి తీసుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటు వసూలు చేస్తారు.

నల్లగొండ ఇంజినీరు:
పన్ను సంగతి కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉన్నది. అందులోంచి క్రిప్టోను కొన్న ధర తప్ప మరే ఖర్చునూ, కరెంటు బిల్లును సైతం, మినహాయించుకోవడానికి వీలులేదు. అంటే నేను పైన చెప్పిన 4 రూపాయల 87 పైసల హద్దు పన్ను తరువాత దాదాపు 3 రూపాయల 40 పైసలకు దిగుతుంది.